శేషము మిగుల్పరాదు

ఋణమునందును, అగ్నియందును శేషము మిగుల్పరాదని పెద్దలు చెప్పుదురు. నేడు క్యాన్సరనుచున్న అర్బుదమును గూర్చి సుశ్రుతాచార్యులును ఈ మాటయే చెప్పిరి: కోసినపుడు కొంచెము మిగిలినను అది త్వరలోనే మరల పుట్టును. చర్మపు క్యాన్సరును కోయు వైద్యునకు నేటికిని ఇదియే చిక్కు. తక్కువ కోసిన రోగము మిగులును. ఎక్కువ కోసిన ముక్కో, కనురెప్పయో చెడును.

1930వ దశకమున అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ అను వైద్యుడు పలుచని పొరలుగా కోయుచు, శేషము లేదని తేలువరకు ఒక్కొక్క పొరను సూక్ష్మదర్శినితో పరీక్షించు పద్ధతిని కనిపెట్టెను. 1971లో జూడా ఫోక్‌మన్ మరియొక సంగతి చెప్పెను: క్రొత్త రక్తనాళములను రప్పించుకొననిదే గడ్డ పెరుగజాలదు. కాలువకు గండి కొట్టి తన మడికి నీరు మళ్లించుకొను దొంగవంటి దది. తడిజాడను పట్టిపోయిన మడిగట్టు దొరకును గదా!

ఆ జాడను చూపునది, 1991లో వెలువడి నేడు హైదరాబాదు నేత్రవైద్యశాలలలో కంటిపొరను చూచుటకు వాడుచున్న ఓసీటీ యంత్రము. ఇది కంటికి కానరాని పరారుణకాంతిని చర్మములోనికి పంపి, వెంటవెంటనే చిత్రములు తీయును. కదలని కండ ప్రతి చిత్రమునను ఒక్క తీరుననే యుండును; పారు నెత్తురు మాత్రము మారుచుండును. ఆ మార్పులే నాళముల పటమగును. మంచి చర్మమున నాళములు సన్నని వలవలె నుండును. క్యాన్సరున్నచోట లావై, వంకరలై, చిందరవందరగా నుండును. కత్తి పెట్టుటకు ముందే ఎల్ల గీచుకొనుటకు ఇది తోడ్పడును. అయినను ఇది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతువరకే చూడగలదు, తుదితీర్పు సూక్ష్మదర్శినిదే. చర్మచికిత్సలలో దీని వాడుక యింకను అంతటను వ్యాపింపలేదు.

మా భానూరు స్త్రీలకు దీనితో నేమి పనియని యడుగుదురేమో! మన దేశమున చర్మపు క్యాన్సరు అరుదే. కాని అది పాత కాలిన మచ్చలయందును, అరికాలియందును, లంగాబొందు బిగిసి యొరసిన నడుముచోటను పుట్టుచున్నది. ఇట్టి నడుము పుండు క్యాన్సరుగా మారిన ఇద్దరు స్త్రీల వృత్తాంతమును వార్ధా, బీహారు వైద్యులు 2024లో ప్రకటించిరి. ఇవన్నియు మనము సిగ్గుచేత దాచుకొను తావులు. పసరు పూయుచు నెలలు గడుపుదుము. ఆలోపల గండి పెద్దదగును.

కావున బొందు వదులుగాను, వెడల్పుగాను కట్టుకొనుడు. నాలుగు వారములకు మానని పుండును, రంగు మారి పెరుగు మచ్చను వైద్యునకు చూపుడు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో 1955లో నెలకొల్పిన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు వైద్యశాల కలదు. అత్తగారు సిగ్గుపడిన కోడలే వెంటబెట్టుకొని పోవలయునని మా మనవి.