ఫ్యామిలీలకు మాత్రమే

హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీది ఊరు కదా, సూర్యాపేటంటే అందరికీ బస్సుల హోరే గుర్తొస్తుంది. రెండు మలుపులు తిరిగి మా వీధిలోకి వస్తే ఆ చప్పుడే వినపడదు. పొద్దున ముగ్గులు, సాయంత్రం గేట్ల దగ్గర ముచ్చట్లు. ఆడుకోడానికి పోయిన పిల్లాడు చీకటిదాకా రాకపోతే నాలుగిళ్లవాళ్లు కేకేస్తారు.

2016 అక్టోబరు 11న మాది జిల్లా అయింది. కోదాడ మాతో వచ్చింది, రైసు మిల్లుల మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. నర్సులు, టీచర్లు, క్లర్కులు వచ్చారు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్లకు ముందుగా ఎదురయ్యేది గేటుకు వేలాడే అట్టముక్క: 'టు లెట్. ఫ్యామిలీలకు మాత్రమే.'

మొన్న ఎదురింటికి ఒక నర్సమ్మాయి వచ్చింది. నైట్ డ్యూటీ దిగి రోజూ బస్సులో కోదాడ పోతోందట. 'మీ ఆయనేం చేస్తాడమ్మా?' మొదటి ప్రశ్న. పెళ్లి కాలేదంది. 'మీరేం కులపోళ్లు?' రెండోది. తర్వాత, ఇల్లు వేరేవాళ్లకు మాటిచ్చామన్నారు. అట్ట ఇంకా గేటుకే ఉంది!

పక్కనే ఉన్నాను, నోరు మెదపలేదు. ఇరుగుపొరుగుతో పేచీ ఎందుకనుకున్నాను.

ఇల్లుగలవాళ్ల భయం నాకు తెలియంది కాదు. రేపు ఏదన్నా అయితే వీధి ఏమంటుందోనని. మరి కాన్పుకూ జ్వరానికీ అర్ధరాత్రి పరిగెత్తేది ఆ ఆసుపత్రికే కదా! అక్కడ సూది వేసే పిల్ల మన వీధిలో తలుపేసుకుని పడుకుంటే పోయే మర్యాద ఏదో నాకర్థం కాలేదు. మిర్యాలగూడ నుంచి చెల్లెలు ఫోన్ చేస్తే చెప్పాను. అక్కడా ఇదే తంతంది.

వచ్చే నెల మా పై పోర్షన్ ఖాళీ అవుతోంది. మావారితో అంటే 'చూద్దాం' అన్నారు. ఎదురింటి వదినను అడిగాను, ఆ పిల్ల నంబరు తీసుకోలేదట.