కొక్కెం బోల్టు

బీచ్ రోడ్డుకి వెళ్ళిన మన హాస్టలు కుర్రాళ్ళు కురుసుర సబ్‌మెరైన్ ముందు ఫోటో దిగకుండా రారు. 2002లో అది మ్యూజియం అయింది. 2017లో టీయూ-142 విమానం కూడా వచ్చి చేరింది. అదే రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంలో ఒక జపాను బాంబు ఉంది. దాని దగ్గర మాత్రం ఎవరూ ఎక్కువసేపు నిలబడరు.

1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే నౌక నుంచి లేచిన జపాను విమానాలు మన ఊరి మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ నౌక మీది బాంబర్లు నకజిమా కంపెనీవి. యుద్ధంలో ఓడిపోయాక ఆ కంపెనీ ముక్కలైంది. ఆ ముక్కలు కొన్ని మళ్ళీ కలిసి ఫుజి హెవీ ఇండస్ట్రీస్ అయి, సుబారు కార్లు తయారుచేశాయి. అమెరికాలో ఇదే కథ తిరగేసి నడిచింది. అక్కడ కార్ల కంపెనీలే యుద్ధ సామగ్రి చేశాయి. ఫోర్డ్ వాళ్ళు ఒక దశలో గంటకొక బి-24 బాంబరు బయటికి పంపారు. జీపు కూడా అలాంటిదే.

జీపు పుట్టుక తెలుసుకున్నాక నాకు రెండు రోజులు మనసు మనసులో లేదు. 1940లో అమెరికా సైన్యం 135 కంపెనీలకి కబురు పెట్టి, 49 రోజుల్లో నమూనా బండి కావాలంది. అంత గడువులో చేసి ఇచ్చింది బ్యాంటమ్ అనే చిన్న కంపెనీ ఒక్కటే. సైన్యం ఆ డ్రాయింగుల్ని విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ చూపించింది. పెద్ద ఆర్డర్లు ఆ రెండింటికే వెళ్ళాయి. యుద్ధం అయ్యేలోపు ఆ రెండూ కలిపి ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. బ్యాంటమ్‌కి దక్కినవి మూడు వేలు కూడా లేవు. తర్వాత అది జీపు వెనక తగిలించే ట్రైలర్లు చేసుకుంది.

ఫోర్డ్ వాళ్ళు తమ జీపు బోల్టుల తలల మీద కూడా ఎఫ్ అక్షరం ముద్ర వేశారు. ఈ రోజు పాత జీపులు సేకరించేవాళ్ళు ఆ అక్షరం కోసం బండి కింద దూరి వెతుకుతారు. దొరకనివాళ్ళకి కొత్తగా ఎఫ్ ముద్ర వేసిన బోల్టులు అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు!

అటువంటి బోల్టు ఒకటి మా ఇంట్లో ఉంది. మా తాత పన్నెండేళ్ళకే నర్సీపట్నంలో ఒక షెడ్డులో చేరాడు. చింతపల్లి ఘాటీ ఎక్కే జీపులన్నీ అక్కడ ఆగేవి. వాటిలో యుద్ధం తర్వాత డిస్పోజల్స్‌లో అమ్మిన బళ్ళు కొన్ని, మహీంద్రావి కొన్ని. మహీంద్రావాళ్ళూ 1947లో విల్లీస్ జీపులు బిగించడంతోనే మొదలుపెట్టారు. తాతకి అక్షరాలు రావు. ఆ ముద్రని కొక్కెం అనుకుని దాన్ని ‘కొక్కెం బోల్టు’ అనేవాడు. చేతితో తడిమి, ఇది మామూలు దానికంటే గట్టిదిరా అనేవాడు. బోర్డు మీద యజమాని పేరుండేది. తాతని అందరూ ‘ఒరే’ అనే పిలిచేవారు. అది ఎఫ్ అక్షరమని నాకు పీజీలో చేరాక లైబ్రరీలో తెలిసింది. చెబుదామంటే అప్పటికి ఆయన లేడు.

మనుషుల్ని చంపిన సామాన్లు దాచుకోవడమేమిటి, పైగా అది డబ్బున్నవాళ్ళ సరదా అని నా రూమ్మేటు అంటాడు. రెండో మాట నిజమే. ఒక పాత జీపుని కొత్తదానిలా చెయ్యడానికయ్యే ఖర్చుతో మన హాస్టల్లో ఎన్ని ఫ్యాన్లు బాగుపడతాయో లెక్కెయ్యొచ్చు. మొదటి మాట మాత్రం నేను ఒప్పుకోను. మాది ఇనుముకి ఎప్పుడూ తూకం ధర పలికే ఊరు. దాచకపోతే బండీ కరుగుతుంది, దాని కథా కరుగుతుంది. ఆ బాంబు మ్యూజియంలో లేకపోతే మన ఊరి మీద యుద్ధం వచ్చిందని నాకెవరు చెప్పేవారు?

నా ఫిర్యాదు వేరే. సేకరించేవాళ్ళు కంపెనీ పేరు, నంబరు, రంగు సరిగ్గా రాసుకుంటారు. ఆ బండిని ముప్ఫై ఏళ్ళు నడిపినవాడి ఊసు రాయరు. బ్రిటిష్ వాళ్ళు పోతూ పోతూ కాన్పూరులో పాడుచేసి వదిలిన బి-24 విమానాల్ని మన హెచ్.ఎ.ఎల్. కార్మికులు బాగుచేసి ఎగరేశారు. 1968 దాకా అవి మన వైమానిక దళంలో పనిచేశాయి. తర్వాత వాటిలో కొన్ని విదేశీ మ్యూజియాలకి వెళ్ళాయి. విమానం నంబర్లు నాకు పుస్తకాల్లో దొరికాయి. రెంచి పట్టినవాళ్ళ పేర్లు ఒక్కటీ దొరకలేదు.

మన హాస్టలు పూర్వ విద్యార్థుల్లో పోర్టు కలాసీల పిల్లలున్నారు, స్టీల్ ప్లాంటు కాంట్రాక్టు కార్మికుల పిల్లలున్నారు, డ్రైవర్ల పిల్లలున్నారు. మీ ఇళ్ళలో పాత పానా, గేటు పాసు, డ్యూటీ బ్యాడ్జి, లైసెన్సు ఏదున్నా ఇనప సామాన్లవాడికి వెయ్యకండి. అది ఎవరిది, ఏం పని చేసేవారు, కూలి ఎంత ఇచ్చేవారు అన్నది ఒక కాగితం మీద రాసి జతచేసి తీసుకురండి. రీడింగ్ రూములో అద్దాల బీరువా కింది అర ఖాళీగానే ఉంది, వార్డెన్ గారిని అడిగాను, సరేనన్నారు. కొక్కెం బోల్టు వచ్చే ఆదివారం అందులో పెడుతున్నాను. కాగితం మీద తాత పూర్తి పేరు రాశాను. కూలి మాత్రం నాయనమ్మని అడిగి రాయాలి.