సెలవు తేదీని అద్దె నిర్ణయిస్తోంది

ఎనిమిదో నెలలోనూ పాఠం చెబుతున్నాను. చూసినవాళ్లు అంకితభావం అంటున్నారు. నేను గెస్ట్ లెక్చరర్‌ని. క్లాసు చెబితేనే డబ్బు.

2017 సవరణ తొలి రెండు కాన్పులకు 26 వారాల సెలవిచ్చింది. అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. ఆ తేదీని పర్మినెంట్ మేడమ్ డాక్టర్‌ని అడిగి ఖాయం చేసుకుంటారు. నా తేదీని ఇంటి అద్దె ఖాయం చేస్తోంది.

చట్టం అడిగింది కాన్పుకు ముందు 12 నెలల్లో 80 రోజుల పని. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ కూలీ స్త్రీలకూ ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. మా కాలేజీ మాత్రం 'కాంట్రాక్టులో లేదు' అంటోంది.

కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దేశానికే మేలని 1928లో బాబాసాహెబ్ బొంబాయి శాసనమండలిలో వాదించారు, అదీ ఫ్యాక్టరీ కూలీ స్త్రీల కోసం. ఏప్రిల్ 14న ఆయన ఫొటోకు దండ వేసే యాజమాన్యాల్లారా, మా సెలవు కాగితం మీద సంతకం పెట్టండి. జీతంతో.