చైనా వారి 'నాలుగు వస్తువుల సూపు' – బహిష్టు నొప్పికి ఎంతవరకు మేలు?

తైవాన్‌లోను, దక్షిణ చైనాలోను ఆడపిల్లలున్న చాలా ఇళ్లలో నెలకొకసారి పొయ్యిమీద నల్లటి సూపు ఒకటి మరుగుతూ ఉంటుంది. బహిష్టు ఆగిన మరునాటి నుండి కొద్ది రోజులపాటు తల్లి దానిని కూతురి చేత వేడివేడిగా తాగిస్తుంది. దాని పేరు 'సి వు థాంగ్'. అంటే 'నాలుగు వస్తువుల కషాయం' అని అర్థం. సింగపూరులో, మలేషియాలో ఉంటున్న మన తెలుగు కుటుంబాల వారికి ఈ మూలికల పొట్లాలు కొత్త కాదు. అక్కడ సూపర్ మార్కెట్లలోనే దొరుకుతాయి. సెలవులకు వచ్చేటప్పుడు చెల్లెలికో, మరదలికో తెచ్చి ఇచ్చేవారు కూడా ఉంటారు. అప్పుడు ఇంట్లో తల్లికి సందేహం కలుగుతుంది: "దీన్ని మా అమ్మాయికి పట్టవచ్చా?"

ఈ సంచికలో ఆ ప్రశ్నకే జవాబు చెప్పదలిచాము. మా అభిప్రాయం ముందే చెబుతున్నాము. ఈ సూపు చెడ్డది కాదు, కాని అందరికీ సరిపడదు. ఇక ఏ సూపు అయినా, ఎంత మంచిదైనా, డాక్టరు పరీక్షకు బదులు కాదు.

ఆ నాలుగు వస్తువులు ఏమిటి?

మొదటిది 'డాంగ్ గుయ్' అనే వేరు. ఇది చైనాలోని గాన్సు రాష్ట్రపు కొండ ప్రాంతాల పంట. వాము, సోంపు మొక్కల కుటుంబానికి చెందినదే. రెండవది 'షు డీ హువాంగ్' అనే దుంప. దీనిని ఆవిరిమీద పదేపదే ఉడికించి, ఎండబెట్టి నల్లగా, మెత్తగా తయారుచేస్తారు. సూపుకు నల్ల రంగు ముఖ్యంగా దీనివల్లనే వస్తుంది. మూడవది 'బాయ్ షావ్' అనే తెల్లటి వేరు. నాలుగవది 'చువాన్ షియోంగ్'. సిచువాన్ రాష్ట్రం నుండి వస్తుంది కనుక దాని పేరులోనే ఆ రాష్ట్రం పేరు ఉంది.

ఈ కషాయం నిన్న మొన్నటిది కాదు. సుమారు 900 సంవత్సరాల క్రితం, సాంగ్ వంశపు రాజుల కాలంలో, ప్రభుత్వ ఔషధశాల కోసం కూర్చిన గ్రంథంలో దీని తయారీ ఉంది. అంతకంటే పాతది ఇంకొకటి ఉంది. హాన్ వంశం చివరి రోజులలో, అంటే దాదాపు 1800 సంవత్సరాల క్రితం, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు డాంగ్ గుయ్, పచ్చి అల్లం, మేకమాంసం కలిపి ఉడికించిన సూపును కడుపునొప్పికి, బాలింతలకు చెప్పాడు.

ఈనాటి ఇళ్లలో చేసే పద్ధతి ఇది. షు డీ హువాంగ్ 12 గ్రాములు, డాంగ్ గుయ్ 10 గ్రాములు, బాయ్ షావ్ 10 గ్రాములు, చువాన్ షియోంగ్ 6 గ్రాములు తీసుకొని, కడిగి, అరగంట నానబెడతారు. అరకిలో కోడిమాంసం గాని, పంది పక్కటెముకలు గాని ఒక పొంగు వచ్చేవరకు ఉడికించి ఆ నీళ్లు పారబోస్తారు. తరువాత మాంసం, మూలికలు, నాలుగు అల్లం ముక్కలు, ఆరేడు ఎర్ర ఖర్జూరాలు (ఇవి పేరుకే ఖర్జూరాలు, నిజానికి మన రేగుపండుకు దగ్గరి చుట్టాలు) వేసి, లీటరున్నర నీళ్లు పోసి, మట్టికుండలో సన్నని సెగమీద గంట, గంటన్నర మరగనిస్తారు. ఇనుప పాత్ర వాడరు. ఉప్పు చివరలో వేస్తారు. రుచి కొంచెం తీపి, కొంచెం చేదు. వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది.

అక్కడి తల్లులు ఒక నియమం గట్టిగా పాటిస్తారు. రక్తస్రావం జోరుగా ఉన్న రోజులలో ఈ సూపు ఇవ్వరు. డాంగ్ గుయ్, చువాన్ షియోంగ్ రక్తాన్ని 'కదిలిస్తాయి' అని వారి నమ్మకం. మనవాళ్లు చాలామంది ఈ సంగతి తెలియక, నొప్పి వచ్చిన రోజే తాగించబోతారు.

నొప్పి ఎందుకు వస్తుంది?

నెలనెలా గర్భసంచి లోపలి పొర ఊడిపోయే సమయంలో 'ప్రోస్టాగ్లాండిన్లు' అనే పదార్థాలు తయారవుతాయి. వాటివల్ల గర్భసంచి కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. అదే పొత్తికడుపు నొప్పి. కొందరికి నడుములోకి, తొడలలోకి పాకుతుంది. వాంతులు, విరేచనాలు కూడా అవుతాయి. ఈ రకం నొప్పి రక్తస్రావానికి కాస్త ముందు గాని, దానితోపాటు గాని మొదలై, రెండు మూడు రోజులలో తగ్గిపోతుంది. ఐబూప్రొఫెన్, మెఫనమిక్ యాసిడ్ వంటి మాత్రలు ఈ పదార్థాల తయారీనే తగ్గిస్తాయి. అందుకే నొప్పి ముదిరిన తరువాత కాక, మొదలవుతుండగానే, ఏదైనా తిన్న తరువాత వేసుకోవాలి. అల్సరు, ఉబ్బసం, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వేసుకోరాదు. మెఫనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023లో భారత ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మాత్ర వేసుకున్న తరువాతి రోజులలో, వారాలలో ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి.

మరి సూపులో పనిచేసేది ఏది?

మొదటిది వేడి. పొత్తికడుపుమీద సన్నని వేడి ఎడతెగకుండా తగిలేలా చేస్తే ఐబూప్రొఫెన్‌తో సమానంగా ఉపశమనం కలిగిందని 2001లో అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో తేలింది. మన పెద్దలు చెప్పిన కాపడం ఇదే. రెండవది అల్లం. 2009లో ఇరాన్‌లో కాలేజీ విద్యార్థినులమీద జరిగిన పరీక్షలో అల్లం పొడి, మెఫనమిక్ యాసిడ్, ఐబూప్రొఫెన్ మూడూ దాదాపు ఒకే ఫలితం ఇచ్చాయి. మూడవది, సరిగా తినలేని రోజులలో మాంసం రసం ఇచ్చే బలం.

ఇక ఆ నాలుగు మూలికల సంగతి. బహిష్టు నొప్పికి చైనా మూలికలు వాడిన 39 పరీక్షలను, మొత్తం 3475 మంది స్త్రీల వివరాలను కలిపి 2008లో కోక్రేన్ సంస్థ వారు పరిశీలించారు. మేలు చేసే సూచనలు కనబడుతున్నాయి గాని, ఆ పరీక్షలు చాలావరకు నాణ్యమైన పద్ధతిలో జరగలేదని వారు తేల్చారు. కాబట్టి "ఇది అంతా బూటకం" అని మేము అనము. "ఇది తాగితే నొప్పి పోతుంది" అని మీకు మాట కూడా ఇవ్వలేము.

'రక్తం పడుతుంది' అన్న మాటను మాత్రం మేము ఒప్పుకోము. రంగు నల్లగా ఉన్నంత మాత్రాన సూపు రక్తహీనతను నయం చేయదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కూడా సగం మందికి పైగా ఉంది. రక్తం తక్కువగా ఉన్న అమ్మాయికి కావలసినది హిమోగ్లోబిన్ పరీక్ష, ఐరన్ మాత్రలు, నులిపురుగుల మందు. సూపు తాగుతున్నాము కదా అని ఐరన్ మాత్ర మానరాదు.

వీరు తాగరాదు

గుండె కవాటం ఆపరేషన్ అయి, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ వంటి మాత్రలు వేసుకుంటున్నవారు డాంగ్ గుయ్ అసలు ముట్టరాదు. రక్తస్రావం ప్రాణం మీదికి రావచ్చు. చిన్నతనంలో కీళ్లవాతం జ్వరం వచ్చి కవాటాలు పాడైన స్త్రీలు మన ప్రాంతంలో తక్కువమంది కాదు. గర్భిణులు, నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నవారు, బహిష్టు ఎక్కువగా అయ్యేవారు, గర్భసంచిలో గడ్డలున్నవారు, రొమ్ము కాన్సర్‌కు చికిత్స పొందినవారు, త్వరలో ఆపరేషన్ ఉన్నవారు కూడా తాగరాదు.

పేరులేని పొడులు, చీటీ లేని పొట్లాలు కొనకండి. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గేందుకు చైనా మూలికలు వాడిన దాదాపు వందమంది స్త్రీలకు కిడ్నీలు పాడయ్యాయి. ఒక మూలికకు బదులు పేరు దగ్గరగా ఉన్న వేరొక విష మూలిక కలవటమే కారణం. ఆ విషపదార్థం ఉన్న మూలికలను తైవాన్ ప్రభుత్వం 2003లో నిషేధించింది. మన నాలుగు వస్తువులలో అది లేదు. కాని పొట్లంలో ఉన్నది నిజంగా ఆ నాలుగేనా అని ఎవరు చెప్పగలరు?

మా అసలు మాట

మూలికల కంటే మాకు నచ్చినది ఇంకొకటి ఉంది. ఆ సూపు వెనుక, 'నీకు నొప్పిగా ఉందని నాకు తెలుసు' అని కూతురితో చెప్పే తల్లి ఉంది. మన ఇళ్లలోనూ పెద్దమనిషి అయిన పిల్లకు చిమ్మిలి పెట్టాము, బాలింతకు కారప్పొడి పెట్టాము. కాని నెలనెలా వచ్చే నొప్పి దగ్గరకు వచ్చేసరికి "మాకు రాలేదా? మేము ఓర్చుకోలేదా?" అంటున్నాము. పిల్లను ఒక మూల కూర్చోబెట్టి, నొప్పిని మాత్రం ఆమెకే వదిలేస్తున్నాము. చైనా తల్లి ఈ రోజులలో చల్లని వస్తువులు వద్దంటుంది. మన తల్లి వేడి చేసే వస్తువులు వద్దంటుంది. ఇద్దరి మాటా శరీరానికి తెలియదు. పిల్ల కడుపునిండా తినటం, కంటినిండా నిద్రపోవటమే ముఖ్యం.

నెలకు రెండు రోజులు బడి మానిపించే నొప్పిని 'సహజం' అనకూడదు. పెళ్లికాని పిల్లను డాక్టరుకు చూపిస్తే లోపలి పరీక్ష చేస్తారేమో, నలుగురికీ తెలుస్తుందేమో అని తల్లులు భయపడతారు. పెళ్లికాని పిల్లలకు మామూలుగా పొట్టమీద నుండి స్కానింగు చాలు. డాక్టరు రాసిన హార్మోను మాత్రల వలన తరువాత పిల్లలు పుట్టరన్నది కూడా అపోహే.

దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకొక తప్పు జరుగుతోంది. పదిహేనేళ్ల పిల్లకు 'ఓర్చుకో' అంటాము. ముప్ఫై అయిదేళ్ల స్త్రీకి అదే నొప్పికి 'గర్భసంచి తీయించెయ్' అంటాము. ఈ ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాలలో మనవి ముందు వరుసలో ఉన్నాయి. చిన్న వయసులో మందులతో తగ్గే నొప్పిని పట్టించుకొని ఉంటే, ఎంతోమంది ఆ బల్ల ఎక్కవలసిన పని ఉండేది కాదు.

ఈ లక్షణాలుంటే ఇంట్లో వైద్యం ఆపి రండి:

* నొప్పి ఏటేటా పెరగటం, బహిష్టుకు ఎన్నో రోజుల ముందే మొదలవటం, మలవిసర్జనలోగాని, భార్యాభర్తల కలయికలోగాని నొప్పి ఉండటం
* గంటకు, రెండు గంటలకు ఒక ప్యాడ్ తడిసిపోవటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవటం
* జ్వరం, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట
* మూడు నెలలు మాత్రలు సరిగా వాడినా నొప్పి తగ్గకపోవటం
* ఇంకా పెద్దమనిషి కాని పిల్లకు నెలనెలా కడుపునొప్పి రావటం
* నెల తప్పిన తరువాత ఉన్నట్టుండి తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగటం. ఇది అత్యవసరం, రాత్రి అయినా ఆగవద్దు.

ఇవేవీ లేకపోతే, తాగకూడనివారిలో మీ అమ్మాయి లేకపోతే, నమ్మకమైన దుకాణంలో కొన్న పొట్లమైతే, బహిష్టు ఆగిన తరువాత ఆ సూపు ఇవ్వండి. పొట్లం దొరకకపోతే బాధపడనక్కరలేదు. అల్లం, మిరియాలు వేసిన కోడిరసం, లేదా అల్లం బెల్లం వేసి మరిగించిన నీళ్లు, పొత్తికడుపుమీద వేడినీళ్ల కాపడం, వేళకు ఒక మాత్ర ఇవి మన అందరి ఇళ్లకూ అందేవే. వాటితోపాటు ఈ నెల మీ అమ్మాయిని "నొప్పి ఎలా ఉంది?" అని అడగండి. ఆమె చెప్పినది నమ్మండి.