పేరు చెరిపిన గిన్నె

పెళ్లికో వ్రతానికో నాలుగిళ్ల నుంచి తెచ్చుకున్న గిన్నెలు పని ముగిశాక కలిసిపోతే, ఎవరివి వాళ్లకు చేర్చేది వాటి మీద చెక్కించిన పేరే. స్టీలు సామాను కొన్న రోజునే, ఆ కొట్లోనే పేరు కొట్టించుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. కొట్టించిన మనిషి కాలం చేసి ఏళ్లయినా అటక మీది బిందె మీద ఆయన పేరు చెక్కుచెదరదు. కెమెరాకు కూడా అలాంటి పేరొకటి కంపెనీలోనే కొట్టి పంపుతారు. అదే సీరియల్ నంబరు. బాడీకైతే చాలావరకు అడుగున ఉంటుంది. లెన్సుకైతే గొట్టం మీదో, బాడీకి బిగించే చోటో ఉంటుంది.

పాత కెమెరా బేరానికి వచ్చిన కుర్రాళ్లు షట్టర్ కౌంట్ ఎంతని అడుగుతారు. లెన్సును వెలుతురుకు ఎత్తి ఫంగస్ కోసం వెతుకుతారు. బాడీని తిరగేసి అడుగు చూడటం మాత్రం మరిచిపోతుంటారు. చూసి, నంబరేదని అడిగినా, 'వాడి వాడి అరిగిపోయింది తమ్ముడూ' అన్న ఒక్క మాటతో ఆ సంగతి అక్కడితో తెగిపోతుంది.

నిజంగానే అరగవచ్చు. ట్రైపాడ్ ప్లేటు ఏళ్ల తరబడి రాసుకుంటే, చెమట చేతుల్లో నానితే స్టిక్కరు ఊడుతుంది. రిపేరులో అడుగు పలక మారిస్తే కొత్త పలక మీద అంకెలు ఉండకపోవచ్చు. నంబరు లేని ప్రతి కెమెరా దొంగసొత్తేమీ కాదు. అయితే అరుగుదలకు ఒక తీరుంటుంది. అది అంకెలతోపాటు చుట్టూ ఉన్న రంగునూ తింటుంది. ఒళ్లంతా నిగనిగలాడుతూ సరిగ్గా అంకెలున్న చోటే గీకినట్లుంటే, అక్కడ ఎవరిదో చేయి పడిందన్నమాట.

ఎందుకు పడిందో ఊహించడం కష్టం కాదు. దొడ్డిదారిన దేశాలు దాటిన సరుకైతే, ఏ డీలరు దగ్గర జారిందో కంపెనీకి తెలియకుండా అంకెలు గీకేసేవాళ్లున్నారు. లేదంటే అది దొంగతనం. కల్యాణమండపంలో ఫొటోగ్రాఫర్ రెండు ముద్దలు తిని వచ్చేలోగా కుర్చీ మీది బ్యాగు మాయమవుతుంది. హైదరాబాద్ లాంటి ఊళ్లలో కెమెరాలు రోజు లెక్కన అద్దెకిస్తారు. దొంగ గుర్తింపు కార్డు చూపి తీసుకెళ్లి, అటునుంచి అటే అమ్మేసేవాళ్లూ ఉన్నారు. మాఘమాసం ముహూర్తాల కోసం అప్పుచేసి కొన్న కెమెరా అలా పోతే, దాని నెలవారీ వాయిదాలు మాత్రం ఎక్కడికీ పోవు.

కాళిదాసు 'అభిజ్ఞాన శాకుంతలం'లో ఒక జాలరి కనిపిస్తాడు. చేప కడుపులో దొరికిన ఉంగరాన్ని అమ్మబోతే, దాని మీద రాజు పేరు చూసి భటులు అతణ్ని పెడరెక్కలు విరిచి కట్టారు. పాపం, అతను దొంగ కాదు. అతణ్ని పట్టించిన ఆ పేరే ఉంగరాన్ని దుష్యంతుడి చేతికి చేర్చింది. మరచిపోయిన శకుంతలను గుర్తుచేసింది. రాజు ఉంగరం వెలకు సరిపడా సొమ్మిచ్చి జాలరిని పంపాడు.

తెలియక దొంగ కెమెరా కొన్న నేటి కుర్రాడికి అలాంటి రాజు దొరకడు. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి మామూలుగా రాదని 1930 నాటి వస్తు విక్రయ చట్టం చెబుతోంది. ఎంత డబ్బు పోసినా వస్తువు తనది కాదు. అనుమానం వస్తే పోలీసులు పట్టుకుపోవచ్చు. దొంగసొత్తని నమ్మడానికి తగిన కారణం ఉండీ దురుద్దేశంతో పుచ్చుకున్నవారికి భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. గీకిన అంకెలు, సగం ధర పక్కపక్కనే కళ్లబడ్డాక 'నాకేం తెలుసు' అంటే వినేవాళ్లు తక్కువ. కేసుల దాకా పోకపోయినా చిక్కులు తప్పవు. కంపెనీ సర్వీస్ సెంటర్ దాన్ని ముట్టకపోవచ్చు. బీమా చేయిద్దామంటే ఫారంలో నంబరు గడి ఖాళీ.

ఫోన్ పోతే ఇప్పుడొక దారి ఉంది. పోలీసులకు ఫిర్యాదు చేసి, 'సంచార్ సాథీ' పోర్టల్లో ఐఎంఈఐ నంబరు నమోదు చేస్తే ఫోన్ పనిచేయకుండా ఆపవచ్చు. సిమ్ వేసి ఎవరైనా వాడబోతే ఆచూకీ తెలుస్తుంది. సిమ్ లేని కెమెరాకు ఆ దారి లేదు. దాని నంబరుకు యజమాని దాచుకున్న బిల్లే దిక్కు. కెమెరా ఉన్నవాళ్లు ఈ పూటే దాన్ని తిరగేసి, ఆ అంకెలను ఫోన్‌తో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచితే మంచిది. కొనేవాళ్లు బిల్లూ బాక్సూ అడగాలి. బాక్సు మీది అంకెలు, బాడీ మీది అంకెలు కలవాలి. అమ్మేవాడి సంతకంతో రసీదు రాయించుకోవాలి. ఇంత అడిగితే బేరం చెడుతుందంటే, చెడనివ్వడమే మేలు.

కొనే ముందు అక్కడే ఒక ఫొటో తీసి కంప్యూటర్లో తెరిచి చూడటం ఇంకా మంచిది. చాలా డిజిటల్ కెమెరాలు తాము తీసే ప్రతి ఫొటోలోనూ, కంటికి కనిపించని సమాచారంలో తమ సీరియల్ నంబరును రాసిపెడతాయి. ఒంటి మీది అంకెలను గీకినంత మాత్రాన ఆ రాత ఆగదు. చేతులు మారిన కెమెరా కొత్త ఊళ్లో, కొత్త పందిట్లో, జీలకర్రా బెల్లం పెట్టుకుంటున్న జంటను ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలోనూ ఆ అంకె ఉంటుంది. పెళ్లివారికి ఆ సంగతి తెలియదు. తీసినవాడికీ తెలియకపోవచ్చు. ఎక్కడో ఒక ఇంట్లో, బీరువా అరలో మడిచి పెట్టిన పాత బిల్లు మీద అదే అంకె ఉంటుంది.