తేరు ఏ దారిన నడవాలి?

"సంప్రదాయాన్నీ మార్పునీ సమతూకంగా ఉంచుకోవాలి" అన్న మాట ఈమధ్య మన తెలుగు కతోలిక విచారణల్లో తరచుగా వినబడుతున్నది. గురువులు ప్రసంగాల్లో అంటున్నారు. పెద్దలు సమావేశాల్లో అంటున్నారు. వినడానికి ఎంతో పెద్దమనిషి తరహాగా ఉన్న మాట. పాతను పారవేయవద్దు, కొత్తను కాదనవద్దు, రెండింటినీ త్రాసులో పెట్టి ముల్లు నిలువుగా నిలిచేట్టు చూసుకోండి! ఇంతకన్న వివేకం ఏముంటుంది? దీన్ని కాదనేవాడెవడు?

నేను కాదంటాను. త్రాసు ఎవరి చేతిలో ఉన్నదో, తట్టల్లో ఏమేమి వేస్తున్నారో చెప్పకుండా సమతూకం మాట ఎత్తడం మోసం. తెలిసి చేసినా మోసమే, తెలియక చేసినా మోసమే.

మన మిత్రుల్లో కొందరికి ఈ ప్రస్తావనే రుచించకపోవచ్చు. "గుడి గొడవలు మనకెందుకయ్యా? నమ్మేవాళ్ళు వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు" అనవచ్చు. ఈ ఆక్షేపణకు నా సమాధానం ఒక్కటే. కతోలికుల పరిభాషలో విచారణ అంటే ఒక గురువు పాలనలో ఉండే గుడీ, దాని కింది ఊళ్ళూను. ఆ ఊళ్ళలో విచారణ అంటే ఆదివారం పూజ ఒక్కటే కాదు. చాలాచోట్ల బడి దానిదే, వైద్యశాల దానిదే, శ్మశానం దానిదే. పెళ్ళి దాని పుస్తకంలో ఎక్కాలి. పుట్టింది మొదలు పూడ్చిందాకా మనిషి బతుకంతా దాని చేతిమీదుగా నడిచేచోట, అక్కడ జరిగే అన్యాయం మనది కాదని తప్పుకోవడం అభ్యుదయం అనిపించుకోదు. గుళ్ళోకి గబ్బిలం పోగలదు, తాను పోలేడు గనక తన మొర శివుడికి వినిపించమని గబ్బిలాన్ని బతిమాలుకునే మనిషి కథను 1941లో మనకిచ్చిన జాషువా క్రైస్తవుల ఇంట పుట్టినవాడే. ఆ కావ్యాన్ని మనం నెత్తిన పెట్టుకున్నాం. అటువంటప్పుడు చర్చి గుమ్మం దగ్గర మన కళ్ళు ఎందుకు మూసుకోవాలి?

నేను పుట్టిపెరిగిన విచారణ పేరు చెప్పను. చెబితే దోషం ఆ ఒక్క ఊరిదే అనుకుంటారు. అక్కడ ఏటా పాలక పునీతుడి పండుగకు తేరు తీస్తారు. పూలూ దీపాలూ కట్టి, ముందు పట్నం బ్యాండు మేళం, వెనక జపమాల చెప్పుకుంటూ జనం. తేరు ఊరి వీధులన్నీ తిరుగుతుంది. తేరు ఆగే ఇళ్ళలో మా ఇల్లు ఒకటి. మా అమ్మ వాకిట కళ్ళాపి చల్లి, ముగ్గు వేసి, కొవ్వొత్తి వెలిగించి ఎదురు చూసేది. ఊరి చివర చింతచెట్టు దాకా వెళ్ళి తేరు వెనక్కి మళ్ళుతుంది. ఆ చెట్టు అవతల పల్లె. పల్లెవాళ్ళు చెట్టు దగ్గరకు వచ్చి దణ్ణం పెట్టుకుని పోవాలి. విచారణ జనంలో సగానికి పైగా వాళ్ళే.

తేరు పల్లెలోకి ఎందుకు రాదని చిన్నప్పుడు అడిగితే, సందులు ఇరుకు, తేరు పట్టదు అన్నారు. నమ్మాను. తర్వాత పల్లెలో సిమెంటు రోడ్డు పడింది. లారీ తిరిగే రోడ్డు. అయినా తేరు చింతచెట్టు దాటలేదు. ఈసారి అడిగితే, అది సంప్రదాయం అన్నారు. ఇరుకుసందు సంప్రదాయంగా ఎప్పుడు మారిందో ఎవరికీ తెలియదు.

కొద్దికాలం కిందట పల్లె కుర్రవాళ్ళు విచారణ సమావేశంలో లేచి, తేరు తమ వీధికి రావాలనీ, ముందు తమ డప్పు నడవాలనీ అడిగారు. గురువు చెడ్డవాడు కాడు. రెండు రోజులు ఆలోచించాడు. పెద్దలతో మాట్లాడాడు. చివరకు సంప్రదాయానికీ మార్పుకూ సమతూకం కుదిర్చాడు. పెద్ద తేరు పాత దారినే పోతుందట. పల్లెకు వేరే చిన్న తేరు చేయిస్తారట. అది మర్నాడు పల్లెలో తిరుగుతుందట. దాని ముందు డప్పు కొట్టుకోవచ్చునట.

ఈ తీర్పు విన్నప్పుడు నాకు 1744వ సంవత్సరం గుర్తుకు వచ్చింది.

రాబర్టో డి నోబిలి 1606లో మదురైకి వచ్చి, కాషాయం కట్టి, శాకాహారియై, అగ్రకులాలవారిని ఆకర్షించడం కోసం తక్కిన కులాలకు దూరంగా మసిలాడు. జందెమూ పిలకా ఉంచుకుని క్రైస్తవుడు కావచ్చునని రోము 1623లో ఒప్పుకున్నది. 18వ శతాబ్ది తొలినాళ్ళలో తెలుగుదేశానికి వచ్చిన ఫ్రెంచి జెస్యూటు గురువులు నడిచిందీ ఈ బాటనే. వారి చేతిమీదుగా జ్ఞానస్నానం పొందిన కుటుంబాల్లో రెడ్లూ కమ్మవారూ ఉన్నారు. ఇది సాహసమేననీ, పరాయి దేశపు ఆచారాలు మన నెత్తిన రుద్దకుండా మన వేషభాషలు స్వీకరించడం గొప్ప సంగతేననీ ఒప్పుకుంటాను. కాని వేషభాషలతోపాటు అంటరానితనాన్ని కూడా స్వీకరించారు. రోగంతో మంచాన పడిన పరయవాడి గుడిసెలోకి వెళ్ళి దివ్య సంస్కారాలు ఇవ్వడానికి గురువులు వెనుకాడారు. ఇది కూడదని పోపు ప్రతినిధి టూర్నాన్ 1704లో పుదుచ్చేరిలో ఆజ్ఞ చేశాడు. ఆ గుడిసెల్లో అడుగు పెడితే పెద్దకులాలవారు మతం విడిచిపోతారని గురువులు మొత్తుకున్నారు. నలభై సంవత్సరాలు తగవు నడిచింది. చివరకు 1744లో పోపు 14వ బెనెడిక్టు టూర్నాన్ ఆజ్ఞను ఖాయపరుస్తూనే ఒక ఏర్పాటుకు సమ్మతించాడు: పరయవారి కోసం కొందరు గురువులను ప్రత్యేకంగా నియమించాలి. అనగా వారికి వేరే గురువులు!

అప్పుడు వేరే గురువు, ఇప్పుడు వేరే తేరు. మధ్య రెండువందల డెబ్బై పైచిలుకు సంవత్సరాలు. సమతూకం అన్న ముద్దు మాట కింద ప్రతిసారీ తయారవుతున్న సరుకు ఇదే. అడిగినవాడికి అడిగింది ఇవ్వరు, ఇవ్వలేదన్న అపవాదూ పడరు. తట్టలు సమానంగా నిలిచినట్టే కనబడతాయి. కదలకుండా ఉన్నది మాత్రం పాత తట్ట.

"సంప్రదాయం మార్చడం మన చేతుల్లో ఉన్నదా?" అంటారు కొందరు. ఉన్నది. కతోలికులకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. 1962 నుంచి 1965 దాకా సాగిన రెండవ వాటికన్ మహాసభ చెప్పింది. 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధన పత్రం, జనం పూజలో తెలిసి పాల్గొనాలన్నది. దేశభాషలకు తలుపు తెరిచింది. అంతవరకు వందల సంవత్సరాలుగా పూజ లాటినులో జరిగింది. లాటిను లేకపోతే పూజ పూజే కాదన్న వృద్ధులు మా ఊళ్ళోనూ ఉండేవారు. కొద్దేళ్ళలో లాటిను పోయింది, తెలుగు వచ్చింది. జనానికి వీపు తిప్పి నిలబడిన గురువు జనంవైపు తిరిగాడు. ఆకాశం విరిగి పడలేదు. యూరపులో, అమెరికాలో లాటిను పూజ కోసం ఇంకా వాదులాడుకునేవారున్నారు. 2007లో పోపు బెనెడిక్టు ఇచ్చిన వెసులుబాటును 2021లో పోపు ఫ్రాన్సిస్ బిగించాడు. కేరళలో ఎర్నాకుళం-అంగమాలి విచారణల్లో గురువు ఎటు తిరిగి పూజ చెయ్యాలన్న దానిమీద 2021 నుంచి పెద్ద రగడే జరిగింది. మన పల్లెల్లో ఆ తగాదాలు లేవు. మన తగాదా బలిపీఠం దగ్గర లేదు, వీధిలో ఉన్నది.

ఇక్కడొక విచిత్రం గమనించాలి. రోము స్వయంగా శాసించిన లాటిను పోయింది. ఎవరూ ఏ కాగితం మీదా శాసించని తేరు దారి మాత్రం పోలేదు! కనక అడ్డం వచ్చేది వేదమూ కాదు, రోమూ కాదు. పండుగ ఖర్చుకు పెద్ద చందాలు ఎవరివో దారి వారిది. సంప్రదాయమని మనం దండం పెడుతున్నదాన్ని గీకి చూస్తే అడుగున చందాల పుస్తకం కనబడుతుంది.

మార్పు పక్షాన ఉన్నామని చెప్పుకునేవారి సంగతి కూడా చూద్దాం. పూజను భారతీయం చెయ్యాలని మన పీఠాధిపతులు పంపిన 12 అంశాలకు 1969 ఏప్రిల్ 25న రోము అనుమతి ఇచ్చింది. చెప్పులు విడవడం, నేలమీద కూర్చోవడం, మోకరించడానికి బదులు చేతులు జోడించడం, కొవ్వొత్తికి బదులు నూనెదీపం, హారతి పళ్ళెం, గురువుకు శాలువా వగైరా. బెంగుళూరు కేంద్రం నుంచి అమలోర్‌పవదాస్ ఇందుకోసం చేసిన కృషిని నేను తేలిక చెయ్యను. పరాయి పెంకు పగలకొట్టాలన్న తపన అందులో ఉన్నది. కాని ఈ భారతీయత ఎవరి ఇంటినుంచి తెచ్చినది? పల్లెవాళ్ళు ఏనాడు చెప్పులతో గుళ్ళోకి వచ్చారు? ఏనాడు నేలమీద కాక మరెక్కడ కూర్చున్నారు? బల్లలు ముందు వరసలవారికి కదా వేశారు! తరతరాలుగా నేలమీద కూర్చున్నవాణ్ణి, ఇకనుంచి భారతీయంగా నేలమీద కూర్చోమనడం మార్పు ఎట్లా అవుతుంది? కుందె దీపానికి బలిపీఠం దగ్గర చోటు దొరికింది. దాన్ని వెలిగించే చెయ్యి ఎవరిదన్న ప్రశ్న ఆ 12 అంశాల్లో లేదు.

అయితే దీపం తీసి డప్పు పెట్టమంటావా అని నన్ను అడగవచ్చు. నేనూ అదే అనుకున్నాను. బుర్రకథను ప్రజానాట్యమండలి పోరాట కథ చేసినట్టు, డప్పును గుడి పాట చెయ్యవచ్చునని ఉత్సాహపడి, ఆ ముచ్చట పల్లెలో ఒక పెద్దాయనతో చెప్పాను.

"డప్పు మా తాత దింపాడు బాబూ, జ్ఞానస్నానం పుచ్చుకున్ననాడు" అన్నాడాయన. "ఊళ్ళో ఎవరు చచ్చినా, ఏ జాతరొచ్చినా మేమే కొట్టాల గదా. అది తప్పించుకోడానికే దింపాడు. ఇయ్యాళ మా పిల్లకాయలు మళ్ళీ ఎత్తుకుంటామంటన్నారు. ఎత్తుకుంటామో లేదో అది మా ఇష్టం. మీరు కొట్టొద్దన్నా, కొట్టమన్నా మాట మీదే అయితే ఇంక మాదేముంది? డప్పు సంగతి మేం చూసుకుంటాం. తేరు రానియ్యండి ముందు."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఏది నిలుపుకోవాలో ఏది వదులుకోవాలో దాన్ని మోసినవాడు తేల్చాలి. పాత ఆచారాన్ని కాపాడతామనే పెద్దలూ, పల్లె కళలను ఉద్ధరిస్తామనే నాబోటి రచయితలూ ఇద్దరం త్రాసు మా చేతిలోనే ఉంచుకుంటున్నామని ఆయన చెప్పకనే చెప్పాడు.

ఇక నాయకత్వం మాట. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా నిరాకరించిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుకు నిరసనగా ఏటా ఆగస్టు 10న చర్చి నల్లదినం పాటిస్తుంది. మతం మారినా కులం పోలేదన్నది అప్పుడు చేసే వాదం. ఆ వాదం న్యాయమైనది, ఆ హక్కు రావలసినదే. అయితే ఢిల్లీకి పోయి "మాలో కులం ఉన్నది" అని చెప్పేవాళ్ళు, విచారణలో కుర్రవాడు లేచి తేరు దారి అడిగితే "క్రీస్తులో కులమెక్కడిది నాయనా" అంటారు! 2016లో పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారతకు ఒక విధానపత్రం విడుదల చేసి, చర్చిలో వివక్ష ఉన్నదని తానే ఒప్పుకున్నది. ఒప్పుకోలు మంచిదే. పాపసంకీర్తనం చేసుకున్నవాడు ప్రాయశ్చిత్తం కూడా చేసుకోవాలని చిన్నప్పుడు ఉపదేశి మాకు నేర్పాడు.

"హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి ఆ పదవికి వచ్చిన తొలి వ్యక్తి, ఇంకా ఏం కావాలి?" అని అడిగేవారున్నారు. అది సంతోషించదగ్గ విషయం. కాని రోములో ఎర్రటోపీ పెట్టడానికి పట్టిన దారి మా ఊరి చింతచెట్టు మీదుగా పోలేదు. పైన ఒకరు ఎక్కితే కింద అందరికీ దారి తెరుచుకున్నదనడం మన దేశంలో అన్ని పార్టీలూ చెప్పే మాటే.

చివరిది, అన్నిటికన్న బలమైనదిగా చెప్పే వాదం: తొందరపడితే విచారణ చీలిపోతుంది. ఇది టూర్నాన్‌కు జెస్యూటులు చెప్పిన జవాబే. చీలిక భయం ఎప్పుడూ ముందు వరసనే ఎందుకు పుడుతుంది? చెట్టు దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకుని పోయేవాడికి విచారణ ఎన్నడో చీలిపోయింది. అతడు అతకమని అడుగుతున్నాడు.

నేను కోరేది విప్లవమేమీ కాదు. ఒకే తేరు, అన్ని వీధులూ. శ్మశానంలో వరస చావు తేదీ ప్రకారమే గాని ఇంటిపేరు ప్రకారం ఉండరాదు. విచారణ సంఘాన్ని జనం ఎన్నుకోవాలి, పండుగ లెక్కలు గుడిముందు చదవాలి. 1983 నాటి చర్చి శాసనం 536వ సూత్రం ప్రకారం ఆ సంఘం సలహా మాత్రమే ఇవ్వగలదని గురువులు గుర్తు చేస్తారు. నిజమే. మంచి సలహాను పాటించరాదని మాత్రం ఏ సూత్రమూ చెప్పలేదు.

ఏ ఆచారాన్నైనా, అది పాతదా కొత్తదా అని అడగడం మానుకుందాం. దానివల్ల ఎవరు లోపలికి వస్తున్నారు, ఎవరు బయట నిలబడుతున్నారు అని అడుగుదాం. అందర్నీ ఒక పంక్తిన కూర్చోబెట్టే ఆచారం ఎంత పాతదైనా ఉండనీ. విడదీసేది నిన్న పుట్టినదైనా సరే, పోవలసిందే.

చిన్న తేరు తయారయింది. పండుగ మర్నాడు దాన్ని ఎత్తడానికి పల్లెనుంచి ఒక్కరూ రాలేదు. అది గుడి వెనక వసారాలో ఇప్పటికీ రంగు చెదరకుండా ఉన్నది. సమతూకం ఎట్లా ఉంటుందో కళ్ళారా చూడదలచినవారు వెళ్ళి చూడవచ్చు.