చలికొండకు టోకెన్ పెట్టండి

డిసెంబరు వచ్చిందంటే కంకిపాడులో అద్దె కార్లకు గిరాకీ. శుక్రవారం రాత్రి అన్నాలు తినేసి బయల్దేరితే ఏలూరు, రాజమండ్రి, తుని మీదుగా తెల్లారేసరికి లంబసింగి. మర్నాడు పాడేరు పక్కన వంజంగి కొండ మీద మబ్బుల్లో ఫొటోలు, బొంగులో చికెన్, ఆదివారం రాత్రికి తిరిగి ఇల్లు. ఎండాకాలమంతా ఉడికిపోయే బెజవాడ చుట్టుపక్కల జనానికి చలి మీద మోజు ఉండటం తప్పేమీ కాదు. ఉక్కపోతలో పుట్టి పెరిగినవాడు గడ్డి మీద మంచు పేరుకోవడం ఒక్కసారైనా చూడాల్సిందే. నా పేచీ మోజుతో కాదు, లెక్కతో. ఒకే తెల్లవారుజామున ఒకే కొండ ఎంతమందిని మోయగలదు? ఈ లెక్క తేల్చకుండా రోడ్లు వెడల్పు చేసుకుంటూ, రిసార్టులకు పిలుపులిస్తూ పోతే దాన్ని పర్యాటకాభివృద్ధి అనలేం.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో ఉన్న చిన్న గిరిజన గ్రామం. చుట్టూ కాఫీ, మిరియాల తోటలు. కొన్ని చలికాలాల్లో ఉష్ణోగ్రత సున్నా దాకా దిగుతుంది. ‘ఆంధ్రా కశ్మీర్’ అని పత్రికలు పేరు పెట్టాక జనం విరగబడ్డారు. ఊరి నీళ్లు, ఊరి దారులు ఊరివాళ్లకు సరిపోయేటట్టు ఉన్నవే తప్ప, వారాంతానికి వచ్చిపడే కార్ల బారును దృష్టిలో పెట్టుకుని ఏర్పడినవి కావు. వచ్చినవాళ్లు వదిలిన నీళ్ల సీసాలు, బిస్కెట్ కవర్లు, కాగితం ప్లేట్లు వానొస్తే గెడ్డల్లోకి కొట్టుకుపోతాయి. కింది ఊళ్లు తాగేది ఆ గెడ్డల నీళ్లే.

కొండల్ని లెక్కచేయకపోతే ఏమవుతుందో హిమాలయాల్లో మనవాళ్లు ప్రాణాలు చెల్లించి నేర్చుకున్నారు. 2013 జూన్‌లో కేదారనాథ్ వరదలో వేలమంది పోయారు. చిక్కుకుపోయిన తెలుగు యాత్రికుల కోసం ఇక్కడి ఇళ్లల్లో రోజుల తరబడి ఫోన్ల దగ్గర పడిగాపులు కాశారు. ఆ మరుసటి ఏడాది జూన్ 8న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు మనాలీ వెళ్తూ మండీ జిల్లాలో బియాస్ నదిలోకి దిగారు. ఎగువన లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరు 24 మంది పిల్లల్ని తీసుకుపోయింది. ఇక జోషీమఠ్ సంగతి. అక్కడి నేల పాత కొండచరియల మట్టి, భారీ కట్టడాలు వద్దని మిశ్రా కమిటీ 1976లోనే హెచ్చరించింది. ఎవరూ వినలేదు. 2023 జనవరికి వందల ఇళ్ల గోడలు నిలువునా పగుళ్లిచ్చాయి.

విన్నవాళ్లూ ఉన్నారు. మనాలీ పైన 3,978 మీటర్ల ఎత్తున ఉన్న రోహ్‌తాంగ్ కనుమకు హరిత ట్రైబ్యునల్ ఆదేశాలతో రోజుకు 1,200 పర్యాటక వాహనాలే వెళ్లాలని కట్టుబాటు పెట్టారు. పెట్రోలువి 800, డీజిలువి 400. భూటాన్ మన దేశస్థుల దగ్గర తలకు, రాత్రికి 1,200 రూపాయల రుసుము తీసుకుంటోంది. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించి ప్రయాణికులున్న ఓడను 2025 జనవరి నుంచి నార్వే రానివ్వడం లేదు. అక్కడ ధ్రువపు ఎలుగుకు కనీసం 300 మీటర్ల దూరంలో ఉండాలి. వసంతకాలంలో అయితే 500. అంటార్కిటికాలో ఒక చోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డున కాలు పెట్టకూడదు. అంతదూరం ఎందుకు, పక్కనే ఊటీ ఉంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి నీలగిరికి ఈ-పాస్ తప్పనిసరైంది. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 బండ్లకే పరిమితి పెట్టారు. ఊటీలో హోటళ్లేమీ మూతపడలేదు.

ధ్రువాల మంచు గొడవ డెల్టా వాళ్లకెందుకు అని కొందరు అడుగుతారు. కృష్ణ వాన నీటి నది, మంచు కరిగితే పారేది కాదు, నిజమే. కానీ గ్రీన్‌లాండ్ మంచు కరిగితే పెరిగేది అన్ని సముద్రాలూ. 1977 నవంబరు 19 ఉప్పెనకు దివిసీమ ఏమైందో తెలిసినవాళ్లకు, సముద్రం జానెడు పైకి లేవడమంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ‘కరిగిపోయేలోపు చూసొద్దాం’ అంటూ ఐస్‌లాండ్, అలాస్కా విమానాలెక్కే ప్రవాస తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ విమానాల పొగ కూడా ఆ కరుగుదలకే తోడవుతుంది. ఆ దేశాలకు నియమాలు పెట్టడం మన చేతుల్లో లేదు. లంబసింగి మన చేతుల్లో ఉంది.

‘గిరిజనులకు నాలుగు డబ్బులు వస్తుంటే అడ్డం పడతారా?’ అన్నది ఈ వాదనకు వచ్చే మొదటి ఎదురుదెబ్బ. డబ్బు ఎవరికి వస్తోందన్నదే నా ప్రశ్న కూడా. రాత్రి మూడింటికి వచ్చి, పొద్దున తొమ్మిదికి వెళ్లిపోయేవాడు ఆ ఊరికి మిగిల్చేది చెత్త. రెండు రోజులు గిరిజనుడి ఇంట్లో బస చేసి, ఊరి కుర్రాణ్ణి దారి చూపమని వెంటబెట్టుకుని, తోటలోనే కాఫీ పొడి కొనేవాడు మిగిల్చేది ఆదాయం. తలలు తగ్గితే ఆదాయం తగ్గుతుందన్న భయం మొదటి రకం వాడిని లెక్కలో పెట్టుకున్నప్పుడే. పైగా మన్యంలో భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1/70 చట్టం కాపలా కాస్తోంది. పర్యాటకం కోసం దాన్ని సడలించాలన్న మాట వినబడగానే 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రే ప్రకటించాల్సి వచ్చింది. అతిథులు రావద్దని అక్కడివాళ్లు అనడం లేదు. ఇంటి యజమానులుగా తమనే ఉండనివ్వమంటున్నారు.

‘మనవాళ్లు రూల్స్ వింటారా?’ అన్నది రెండో అభ్యంతరం. తిరుమలలో వింటున్నాం కదా! నెలల ముందే మూడొందల రూపాయల టికెట్ తీసుకుంటాం, టోకెన్‌లో రాసిన వేళకే క్యూలోకి వెళ్తాం. ఘాట్ రోడ్డు మీద మరీ తొందరగా దిగితే జరిమానా అంటే బండి మెల్లగానే నడుపుతాం. ప్లాస్టిక్ సీసా లేదంటే గాజు సీసాలో నీళ్లు కొని, ఖాళీది తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకుంటాం. ఏడుకొండలవాడి దగ్గర చేతనైన క్రమశిక్షణ వంజంగి కొండ దగ్గర చేతకాదనడం కుంటిసాకు.

అందుకని పాడేరు అధికారులకు నా విన్నపాలు మూడు. వచ్చే చలికాలం మొదలయ్యేలోపు లంబసింగికి, వంజంగికి ఆన్‌లైన్ టోకెన్ పెట్టండి, వారాంతానికి ఎన్ని బండ్లో గ్రామసభలను కూర్చోబెట్టి వాళ్లనే తేల్చమనండి. నీళ్ల సీసాకు తిరుమల పద్ధతిలో డిపాజిట్ కట్టించుకోండి. టోకెన్‌కు వసూలైన రుసుములో మొదటి వాటా పంచాయతీకి ఇచ్చి, మంచినీళ్లకూ మరుగుదొడ్లకూ ఖర్చుపెట్టమనండి. రిసార్టుల సంగతి ఆ తర్వాత.

అధికారులు కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఈసారి శనివారం మానుకుని మంగళవారం వెళ్లండి. ఇంటి నుంచి స్టీలు సీసా తీసుకెళ్లండి. టెంటు కంటే ముందు ఊళ్లో బస దొరుకుతుందేమో అడగండి. పట్టుకెళ్లిన చెత్తంతా అదే కారు డిక్కీలో వెనక్కి తెచ్చి, మన పంచాయతీ బండిలో వేయండి.